రేల పూసేనాటికి

ఢిల్లీ కంటోన్మెంట్,
మార్చి 30

శ్రీవారికి గౌరి నమస్కారాలు.

మీరు చెప్పిన రేల చెట్టు పూసింది. క్వార్టర్ ముందంతా పసుపు కుమ్మరించినట్టుంది. మీరెక్కడ?

కొండమీది పోస్టులో ఫోను పలకదు, ఉత్తరంలో తేదీలు రాయకూడదు, కాబట్టి చెట్లతో చెప్పుకుందామన్నది మీ తెలివే. జనవరిలో ఏం రాశారు? "రేల పూసేనాటికి ఇంట్లో ఉంటాను, నీ ఆపరేషన్ అప్పటికి పెట్టించుకో" అని. మొదటి పువ్వు విచ్చిన రోజే మిలటరీ ఆసుపత్రికి వెళ్లి, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు తీయించుకోవడానికి ఏప్రిల్ ఆరు ఖాయం చేసుకున్నాను. శ్రుతి బడినుంచి రాగానే రోజూ "పాపా ఆయే క్యా?" అంటుంది. నాన్న వచ్చారా అని తెలుగులో అడగవే అంటే ముఖం తిప్పుకుంటుంది. అన్నీ తండ్రి పోలికలే.

మీరు రాకుండా నేను ఆ బల్ల ఎక్కను. నాకు భయం. ఈ మాట కూడా నాచేత రాయించుకోవాలా?

మీ గౌరి

*

ప్రియమైన గౌరికి,

తేదీ వేయను, తెలుసుగా.

ఇంకా ఎండలు ముదరకుండానే రేల పూయడమేమిటి? ఢిల్లీలో మనం దిగిన మొదటేడు ఎప్పుడు పూసిందో వంటింటి తలుపు వెనక పెన్సిల్‌తో రాసిపెట్టాను, వెళ్లి చూడు. ఆ లెక్కమీదే సెలవు అడిగాను. చెట్టు మాట తప్పితే నన్నంటావేం?

ఇక్కడా ఇదే వరస. కొండమీద ఎర్రపూలు మంచు కరగకముందే విచ్చాయి. మాకు కంచరగాడిదలు తోలే ముసలాయనకి తేనెపెట్టెలున్నాయి. "పూలన్నీ రాలాక ఈగలు లేచాయి సాబ్, ఇప్పుడవి ఏం తినాలి?" అని నన్ను నిలదీస్తాడు, రుతువులన్నీ నా డ్యూటీ అయినట్టు.

ఆపరేషన్ బడులకు వేసవి సెలవులిచ్చేదాకా జరుపు. ఎంతలో వస్తాయి.

నీ వరప్రసాద్

*

ఢిల్లీ కంటోన్మెంట్,
ఏప్రిల్ 14

శ్రీవారికి,

ఎంతలో వస్తాయి అని ఎంత సులువుగా రాశారండీ. బడి సెలవుల గుర్తే మొదట పెట్టుకునుంటే ఈ గోల ఉండేదా?

మీ ఉత్తరం అందకముందే, మీరొస్తారని ఆరో తారీఖు వదిలేసుకున్నాను. పదో తారీఖున నొప్పికి నేలమీద ముడుచుకుపోతే పక్క క్వార్టర్ ప్రవల్లిక ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. "మీ ఆయన వచ్చేదాకా రాళ్లు ఆగుతాయా?" అని డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. ఇరవై ఎనిమిదికి వేసింది. ఇక మార్చేది లేదంది.

తలుపు వెనక చూశాను. మీ రాత ఒక్కటే ఉంది, మే 14. దాని కింద ఏటేటా శ్రుతి రాసుకొచ్చింది. మే 3. ఏప్రిల్ 21. ఏప్రిల్ 9. ఈసారి మార్చి 26. రోజుకి నూరుసార్లు తీసే తలుపు, మనిద్దరిలో ఒక్కరమూ చూడలేదు. అడిగితే "పాపాకో బతాయా థా, హర్ సాల్ జల్దీ ఆతా హై" అంది. ఏటేటా ముందే పూస్తోందని మీకు చెప్పిందట, విన్నారా మీరు? పోయినేడు సెలవులో వచ్చినప్పుడు చెట్టుకి పువ్వే లేదు. గాలికి రాలి ఉంటుందిలే అన్నారు. నేనూ సరేనన్నాను, అది నా బుద్ధి.

ఇక నాతో చెట్ల మాట ఎత్తకండి. నేనొక్కదాన్నే వెళ్తాను. ఇది కోపం కాదు అని రాద్దామనుకున్నాను. కోపమే.

గౌరి

*

గౌరీ,

ఈ కవరుకి స్టాంపు లేదు, చూశావా.

నీ ఉత్తరం అందిన పూటే మేజర్ సాబ్ దగ్గరికి వెళ్లి చెట్ల సంగతంతా ఒప్పుకున్నాను. రూలు తప్పినందుకు గంటసేపు నిలబెట్టి తిట్టాడు. తలుపు మీది తేదీలు చెప్పాక ఇంకా మండిపడ్డాడు. "ఐదేళ్లు ఇంటిముందు చెట్టు జరుగుతుంటే చూడనివాడివి, నిన్ను నేను కాపలాకి ఎలా పెట్టానయ్యా?" అన్నాడు. ఆ తిట్టులోనే సెలవు కాగితం మీద సంతకం చేశాడు.

పొద్దున వస్తే క్వార్టర్‌కి తాళం. నిన్ను నిన్ననే ఆసుపత్రిలో చేర్చుకున్నారని చెప్పి ప్రవల్లిక తాళంచెవినీ, తన దగ్గరున్న శ్రుతినీ అప్పగించింది. చెట్టుకింద ఎండిన పువ్వు కూడా లేదు, ఎవరో ఊడ్చేశారు. తలుపు వెనక శ్రుతి నన్ను కూర్చోబెట్టి ఐదు తేదీలూ చదివించింది. ఈసారి విన్నాను.

ఆడవాళ్ల వార్డులోకి నాలుగింటిదాకా మగవాళ్లని వదలరట. నీ ఫోను చూస్తే ప్రవల్లిక సంచిలో ఉంది. కొండ దిగి, రెండు రైళ్లు మారి వచ్చానన్నా గేటు దగ్గర జవాను వినడు. అతని చోట నేనున్నా వినననుకో. అందుకే ఈ కవరు నర్సమ్మ చేతికిస్తున్నాను.

నాకూ భయంగానే ఉంది గౌరీ. అది రాయకూడదన్న రూలు లేదు కాబట్టి రాస్తున్నాను. రేపు నిన్ను లోపలికి తీసుకెళ్లేదాకా పక్కనే ఉంటాను, బయటికి తెచ్చేసరికీ ఉంటాను.

నీ మంచం కిటికీ పక్కనేనట. కిందికి చూడు. శ్రుతీ నేనూ బెంచీ మీద కూర్చున్నాం.

నీ వరప్రసాద్
ఏప్రిల్ 27, మధ్యాహ్నం రెండున్నర