గాలి పందెం

ఆగస్టు 7, శుక్రవారం, ధర్మవరం.

అవ్వా,

పొద్దున్నే ఒక ఆశ్చర్యం! మా బడి ల్యాబులో గాలిని తూచాం. "గాలికి బరువు యాడుంటాదే?" అని నువ్వు నాతో కట్టిన పందెం గుర్తొచ్చింది.

ఒక సీసాలో గాలి, అలాంటిదే మరో సీసాలో సోడా గ్యాసు నింపి తక్కెడలో పెట్టాం. ముల్లు ఊగుతూనే ఉంది. నువ్వు పట్టు తూచేటప్పుడు అరిచినట్టే, "ఫ్యాన్ ఆపండప్పా, ఊపిరి బిగబట్టండి!" అన్నాను.

"ఏమ్మే, ఈడ చీర నేస్తాండావా?" అని పక్క బెంచీ రమణ ఎగతాళి చేశాడు.

ఫ్యాన్ ఆగింది. గ్యాసు సీసా మెల్లగా కిందికి దిగింది. గ్యాసుకి బరువుంటే గాలికీ ఉన్నట్టే, నేనే గెలిచాను! సారు దాని సాంద్రత లెక్క కట్టించారు. సాంద్రత అనే మాటను దారంతా పలుక్కుంటూ ఇంటికొచ్చాను. గెలిచానని చెప్పబోయి, నువ్వు పోయాక ఖాళీగా ఉన్న నీ మగ్గం దగ్గర ఆగిపోయాను.

రేపు పొద్దున హైడ్రోజన్ తూస్తాం. అది నింపితే సీసా గాలి సీసాకన్నా తేలికవుతుందట. "దీనికి బరువు యాడుంటాదే?" అని ఆ పందెం నీ తరఫున నేనే కడతాను.