శుక్రవారం ధర

హైదరాబాద్,
జూన్ 2006.

ప్రియమైన లక్ష్మికి,

మీ కారం మిల్లును మా ప్రభుత్వ ఆఫీసు ధరల లెక్కలోకి తీసుకున్నారు. ఇకపై ప్రతి వారం నేనొక కార్డు పంపుతాను. శుక్రవారం మీ మిల్లు గుమ్మం దాటిన కారప్పొడి కిలో ఎంతో రాసి తిప్పి పంపాలి. దుకాణం ధర నాకొద్దు, తయారైన చోట పలికిన ధరే కావాలి. నూనె మిల్లులు, బియ్యం మిల్లులు, బిస్కెట్ల కంపెనీలు, మీలాంటి వాళ్లు చెప్పేవన్నీ కలిపి చూస్తే, కొన్నాళ్లకు పేదవాడి కంచంలో ఏది తగ్గబోతోందో ముందే తెలుస్తుంది. నాడి చూడడం అనుకో.

వీరబాబు అన్న ఇంకా వేలికి అంటిన కారం నాకి చూసే ధర చెబుతున్నాడా? హాస్టల్లో నీ పెళ్లి మాట వచ్చినప్పుడు, ఇంత ఘాటు మనిషితో ఎలా వేగుతావే అన్నాను. నువ్వే గెలిచావు.

నీ దుర్గ

బూర్గంపాడు,
సెప్టెంబర్ 2006.

ప్రియమైన దుర్గా,

నీ కార్డులు అందుతున్నాయి. గోదారి తగ్గింది. మిల్లులోకి నీళ్లు రాలేదు, అంతవరకు దేవుడు చల్లగా చూశాడు. మిరపకాయలకు తొడిమలు తీసే సక్రి నీకు గుర్తుందా? రోజూ వచ్చి పలకరించి పోతోంది.

కార్డు మీద చేతిరాత మారిందేమని అడిగావు. ఆయనకు తీరిక లేక నాతో రాయిస్తున్నాడు. ధర మాత్రం ఆయన నోటితో చెప్పిందే. కిలో యాభై ఎనిమిది. పోయిన వారమూ అదే.

వస్తానన్నావు. ఇప్పుడొద్దులే, వరదకు దారులన్నీ పాడయ్యాయి. చలికాలంలో చూద్దాం.

నీ లక్ష్మి

హైదరాబాద్,
ఫిబ్రవరి 2007.

ప్రియమైన లక్ష్మికి,

చలికాలం పోయింది. నువ్వు పిలవలేదు.

ఈ ఉత్తరం రాయడానికి నా చెయ్యి రావడం లేదు. ఖమ్మం మార్కెట్లో మిర్చి ధర మండిపోతోంది. కారం మిల్లులన్నీ ధర పెంచాయి. మీ కార్డు మీద మాత్రం అదే యాభై ఎనిమిది. కాయ అంత పెట్టి కొని పొడి ఇంత తక్కువకు ఎలా అమ్ముతారని మా ఆఫీసులో ఒకాయన అడిగి, ఇటుక పొడి కలుస్తోందేమోలే అని నవ్వాడు. ఆయన మీద విరుచుకుపడ్డాను. తర్వాత ఇంటికొచ్చి ఎంత ఆలోచించినా నాకూ వేరే దారి తోచలేదు.

ఏమైనా కలుపుతున్నారా, లక్ష్మీ? పిల్లలు తినే తిండి అది. అవునంటే మాత్రం నేను నోరు మూసుకుని ఉండలేను. కాదని ఒక్క మాట రాయి, చాలు.

నీ దుర్గ

బూర్గంపాడు,
మార్చి 2007.

దుర్గా,

నీ ఉత్తరం పొయ్యిలో వేద్దామనుకున్నాను. ఎవరో అంటే సరే, ఆ మాట నువ్వు అడిగావు. రెండు రోజులు నీ మీద కోపంతో అన్నం సయించలేదు. తర్వాత ఆలోచిస్తే, నేను రాసిన ధర చూసి ఎవరైనా అలాగే అనుకుంటారనిపించింది.

మిల్లు తిరిగితే కదా కల్తీ చేయడానికి. ఆగస్టులో, గోదారి నిండుగా ఉన్న రోజుల్లో, యాభై ఎనిమిదని నీకు కార్డు రాసిన కాసేపటికే ఆయన మిల్లులో కుప్పకూలాడు. భద్రాచలం దవాఖానాలో ప్రాణం నిలిచింది. కుడి పక్క చచ్చుబడింది. కాయ ఎంచి కొనే చెయ్యీ, ఘాటు చూసి ధర కట్టే నాలుకా ఆయనవే. నా వల్ల కాలేదు. మిల్లు ఆ రోజే ఆగింది. కొన్నాళ్లు సక్రి వచ్చి, "మిల్లెప్పుడు తిప్పుతరమ్మా" అని అడిగేది. ఇప్పుడు తనూ పత్తి ఏరడానికి పోతోంది.

ఆయన చాలా రోజులు నన్ను కూడా పోల్చుకోడు. నీ కార్డు వచ్చిందంటే మాత్రం ఎడమ చేత్తో మంచంపట్టె పట్టుకుని లేచి కూర్చుంటాడు. "ఇయ్యాల శుక్కురారం గదా. దుర్గ అడుగుతున్నది. యాభై ఎనిమిదని రాయి" అంటాడు. కార్డు డబ్బాలో వేసి వచ్చానని చెబితే గానీ ముద్ద ముట్టడు. వేయకుండానే వేశానని చెప్పవచ్చు. ఆయనతో అబద్ధమాడలేక నీతో ఆడాను.

మూతపడిందని రాస్తే నీ కార్డులు ఆగిపోతాయని భయపడ్డాను. పేదవాడి కంచం చూసే లెక్కలో నా అబద్ధం ఉండకూడదు. మా పేరు కొట్టెయ్యి.

లక్ష్మి

హైదరాబాద్,
మార్చి 2007.

నా లక్ష్మికి,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివి అందరి ముందూ ఏడ్చాను.

మీ మిల్లు పేరు కొట్టేశాను. ఆగస్టు నుంచి మీ పేరున వచ్చిన ధరలన్నీ తప్పని పై అధికారికి రాసిచ్చాను. స్నేహితురాలి మిల్లని ఇన్ని నెలల్లో ఒక్కసారైనా వెళ్లి చూడలేదేమని నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. ఇవ్వాల్సిందే.

ఆఫీసు కార్డు ఇక రాదు. ఈ ఉత్తరంతో పెట్టిన కార్డు నేను కొన్నది. వారం వారం ఇలాంటిదే వస్తుంది. పోస్ట్‌మ్యాన్‌ను గుమ్మంలో నుంచి అన్నకు వినపడేలా గట్టిగా కేకేయమని చెప్పు. వచ్చే నెల నేనే వస్తున్నాను, దారులు ఎలా ఉన్నా సరే.

నీ దుర్గ

(కార్డు)

వీరబాబు అన్నకు దుర్గ నమస్కారాలు. ఇయ్యాల శుక్రవారం. ధర ఎంత అన్నా?