రెండోసారి అడగలేదు

బల్లిడారా,
1998 జూలై 21, మంగళవారం.

అట్రాక్టా అక్కకి,

చెల్లెలు ఫిలొమీనా రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ మరిదీ, ఆవులూ అందరం కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ తోటి సిస్టర్లూ, బడి పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. జాంబియా నుంచి నీ ఉత్తరం పదహారు రోజులకి చేరింది. పోయినసారి కంటే నయమే.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ సమాధి రాయి మీద పాచి గీకించాను, అక్షరాలు ఇప్పుడు బాగానే కనబడుతున్నాయి. నా తుంటి నొప్పి ఎక్కడికీ పోలేదు. డాక్టరు నడవమంటాడు, నడిస్తేనే కదా ఆ నొప్పి, ఆయన తలకెక్కదు. మీ మరిది జార్లత్ గడ్డి కోతల్లో పడి పొద్దున్న పోతే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. మనిషి మొహం సరిగ్గా చూసేది ఆదివారం పూజలోనే, అక్కడా కునుకుతూనే ఉంటాడు. నువ్వు చెప్పిన సూదులూ, దారం ఉండలూ పార్సిలు కట్టి పంపాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "మీ ఇంట్లో దిగుతుందన్న స్పెయిను పిల్ల ఎలా ఉంది? నీ చేతి తిండి తిని ఈపాటికి బూరెలా తయారై ఉంటుందిలే" అని రాశావు. ఆ మాట చదివి ఉత్తరం మడిచి గూట్లో పెట్టేశాను. నాలుగు రోజులు దాని వంక చూడలేదు. జవాబు రాయాలంటే మొదట్నుంచీ చెప్పుకు రావాలి, కాస్త ఓపిక పట్టు.

పిల్ల పేరు నియెవెస్. పదిహేనేళ్ళు, సన్నగా పొడుగ్గా ఉంటుంది, కనుబొమలు గట్టిగా గీసినట్టుంటాయి. ఏటా వేసవిలో మన చర్చి హాలుకి ఇంగ్లీషు నేర్చుకోడానికి పిల్లలొస్తారని చెప్పాగా, ఈసారి ముప్ఫైమంది వచ్చారు. తలా ఒకరో ఇద్దరో ఇళ్ళల్లో పెట్టుకున్నాం. పక్కింటి యూనా కార్మొడీకి ఇద్దరు ఇటలీ పిల్లలు పడ్డారు, ఇల్లు పీకి పందిరేస్తున్నారు. పాఠాలు చెప్పేది మన కడిహి మాస్టారే. ఆయన పద్ధతి నీకు తెలిసిందే, పుస్తకం తెరవనివ్వడు. పొద్దున్న హాల్లో బల్లల చుట్టూ కూచోబెట్టి మనం ఎప్పుడు తింటాం, ఏం తింటాం, తింటూ ఏం మాట్లాడుకుంటాం, అదే పాఠం. మధ్యాహ్నం మైదానంలో చేతికో కర్ర ఇచ్చి, తోలు బంతితో హర్లింగ్ ఆట. పట్టు, వదులు, నీ వెనకే ఉన్నాను, కొట్టు, ఇవన్నీ ఇంగ్లీషులోనే అరవాలి. సొంత భాషలో అరిచినవాళ్ళు మైదానం చుట్టూ ఒక రౌండు పరిగెత్తాలి. మొదటి వారం మన నియెవెస్ పరిగెత్తిన దూరానికి డబ్లిన్ వెళ్ళి రావచ్చు. కానీ ఆ తోలు బంతిని గాల్లో ఉండగానే అందుకుని కొట్టడం పది రోజుల్లో పట్టేసింది. మన ఊరి పిల్లలకే రాదు ఆ ఒడుపు.

మొదట్లో నేను బాగానే చూసుకున్నానక్కా. సాయంత్రం ఆరింటికి భోజనం. వాళ్ళ ఊళ్ళో పదింటికి తింటారట, ఆరింటికి ఆకలెలా వేస్తుందని పిల్ల అడిగింది. నేను అవేం పట్టించుకోకుండా కంచం నింపేసేదాన్ని. బేకను, క్యాబేజీ, ఉడికిన బంగాళదుంపలు, పైన వెన్న. తింటావా అని అడగడం కూడా ఉండేది కాదు. అడగడమేంటి, పిల్ల తినకేం చేస్తుంది?

మూడో వారం మొదట్లో కడిహి మాస్టారు నన్ను హాలుకి రమ్మన్నాడు. మన మర్యాదల పాఠం చెప్తాడట, పెట్టేవాళ్ళ వేషానికి మనిషి కావాలట. నన్ను పిలవడం నాకూ గొప్పగానే అనిపించింది. ఆపిల్ టార్టులు చేసుకెళ్ళాను. ఆయన పిల్లలకి చెప్పాడు: ఇక్కడ ఎవరైనా ఏదైనా పెడితే టక్కున తీసుకోకూడదు. మొదటిసారి వద్దనాలి. రెండోసారి మొహమాటపడాలి. మూడోసారికి సరే, ఒక్క చిన్న ముక్క అనాలి. అడిగేవాళ్ళు మూడుసార్లూ అడుగుతారు, మీకేం భయం లేదు అన్నాడు. నేను పళ్ళెం పట్టుకుని వరసన ముప్ఫైమంది చేతా "వద్దు వద్దు" అనిపించి, "అయ్యో తినమ్మా, నా మీద ఒట్టు" అని బతిమాలి, ఒక్కో ముక్క పెట్టాను. ఒకటే నవ్వులు. నియెవెస్ చాలా శ్రద్ధగా చేసింది. రెండో వద్దుకి తల కూడా దించింది.

అక్కడితో ఇంటికొచ్చేస్తే బాగుండేది. మాస్టారు చివర్లో, మీరుండే ఇంట్లో తిండి గురించి తలా మూడు వాక్యాలు చెప్పమన్నాడు. నియెవెస్ లేచి నించుని, తప్పు లేకుండా, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "మా ఇంట్లో బంగాళదుంపలు తడిగా ఉంటాయి. కంచం చాలా పెద్దది. నేను తింటుంటే ఆవిడ నన్ను చూస్తూ ఉంటుంది." హాలంతా గొల్లుమంది. నాకు తోడుగా వచ్చిన యూనా అయితే బల్ల పట్టుకుని మరీ నవ్వింది. మాస్టారు శభాష్ అన్నాడు. పిల్ల నా వంక చూసి, మూడు వాక్యాలూ సరిగ్గా చెప్పాను కదా అన్నట్టు మెరిసిపోతూ నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో చావుకీ పెళ్ళికీ వండి పెట్టినదాన్ని, నా దుంపలు తడా?

ఆ సాయంత్రం గిన్నెలు బల్ల మధ్యలో పెట్టాను. మీ మరిది పొలంలోనే ఉన్నాడు, ఉన్నది మేమిద్దరమే. "మాంసం వేయనా?" అని అడిగాను. "వద్దండీ, థాంక్యూ" అంది. "సరే అయితే" అని గిన్నె జరిపేశాను. దుంపలు? వద్దండీ. సరే అయితే. కంచంలో క్యాబేజీ, ఒక రొట్టె ముక్క, అంతే మిగిలింది. అది నా మొహం వంక చూస్తూ కూచుంది. నేను నా కంచం ఖాళీ చేసి లేచాను.

తొమ్మిది రోజులు అలాగే జరిగిందక్కా. మధ్యాహ్నానికి హాలుకి కట్టిచ్చే శాండ్‌విచ్‌లు కూడా రెండు నుంచి ఒకటి చేశాను. ఎలాగూ పెద్ద కంచాలు గిట్టవుగా అని. వాళ్ళమ్మ ఫోను చేసింది. ఆవిడకొచ్చిన ఇంగ్లీషు నాలుగు ముక్కలు. "నియెవెస్ తింటోందా? బాగా?" అంది. బాగా, బాగా అన్నాను. యూనాతో అయితే, ఈ కాలం పిల్లలు నడుము సన్నబడాలని కడుపు మాడ్చుకుంటారమ్మా, ఏం పెట్టినా వద్దంటుంది అని చెప్పుకున్నాను.

ఆ పిల్లకి అర్థం కాలేదేమో, పరాయి దేశం పిల్ల వద్దంటే వద్దనే అనుకున్నావేమో అని నువ్వు నన్ను వెనకేసుకొస్తావు. నాకు తెలుసు నీ సంగతి. అందుకే ఇది కూడా చెప్తున్నాను. ఐదో రోజు సాయంత్రం ఇస్త్రీ బట్టలు తీసుకుని మేడ మీదికెళ్ళాను. తలుపు ఓరగా వేసుంది. పిల్ల అద్దం ముందు నించుని "వద్దండీ, థాంక్యూ" అని అంటోంది. ఒకసారి మెల్లిగా, ఒకసారి నవ్వుతూ, ఒకసారి అచ్చం మన యూనాలాగా చెయ్యి ఊపుతూ. తను సరిగ్గా అనడం లేదు కాబట్టే నేను రెండోసారి అడగడం లేదని దాని లెక్క. నాకు ఆ క్షణంలోనే అంతా తెలిసింది. బట్టలు గుమ్మంలో పెట్టి కిందికొచ్చేశాను. అరగంట తర్వాత భోజనాల దగ్గర, అద్దం ముందు నేర్చుకున్న దాంట్లోకెల్లా మంచిదాన్ని ఏరి అంది. పాపం, బాగానే అంది. నేను బఠానీల గిన్నె కూడా తీసేశాను.

మొన్న ఆదివారం వాళ్ళ ఆఖరి ఆట, మన ఊరి ఆడపిల్లలతో. నియెవెస్ మొదటి సగంలో రెండు గోల్స్ కొట్టింది. రెండో సగం మధ్యలో ఉన్నట్టుండి గడ్డిలో చతికిలబడింది. దెబ్బేం తగల్లేదు, కాళ్ళలో సత్తువ లేదంతే. మాస్టారు పక్కన కూచోబెట్టి నీళ్ళిచ్చాడు. ఆట అయ్యాక ఆడవాళ్ళందరం శాండ్‌విచ్‌ల పళ్ళేలు తెచ్చాం. యూనా దాని ముందు పళ్ళెం పెట్టి తినమంది. వద్దండీ, థాంక్యూ. అయ్యో తినమ్మా అంది యూనా. పిల్ల తల దించింది. మూడోసారి అడిగేసరికి ఒకటి తీసుకుంది. ఆ తర్వాత ఆరు తిందక్కా. నేను లెక్కపెట్టాను, అక్కడున్న అందరూ లెక్కపెట్టారు.

"ఫిలొమీనా పిన్ని ఇంట్లో నీకేం పెట్టట్లేదా తల్లీ?" అని యూనా అడిగింది. పైకి వేళాకోళమే, కళ్ళు మాత్రం నా మీదున్నాయి.

పిల్ల నోరు తుడుచుకుని చెప్పింది. "ఆవిడ వంట చాలా బాగుంటుంది. తప్పు నాదే. ఇంకోసారి అడిగించుకునేలా వద్దనడం నాకింకా రాలేదు."

ఎవరూ నవ్వలేదు. నేనేమన్నానో తెలుసా? "కాస్త సిగ్గు ఎక్కువ దీనికి" అన్నాను. అందరి ముందూ, ఆ పిల్ల తల మీద చెయ్యేసి మరీ అన్నాను.

నీ ఉత్తరంలో నువ్వు రాసింది, వర్షాలు లేక అక్కడ గంజి పల్చన చేయాల్సి వచ్చిందని, ముందు పెద్దవాళ్ళు మానుకుని చిన్నవాళ్ళకి పోస్తున్నామని. అది ఆ సాయంత్రం మళ్ళీ తీసి చదివాను. సిగ్గుతో చచ్చిపోయాననుకో. నా ఇంట్లో మాంసం మిగిలి కుక్కకి పడుతోంది.

నిన్న కోడిని కాల్చాను. భోజనానికి కూచోగానే, వడ్డించక ముందే చెప్పేయాలని మొదలుపెట్టాను. ఆ రోజు హాల్లో నువ్వన్న మాటకి మనసు కాస్త కష్టపడిందనీ, దానికి తోడు ఈ కోతల రోజులు, నా తుంటి నొప్పి, ఆ చికాకులో నిన్ను సరిగ్గా పట్టించుకోలేకపోయాననీ, ఏదేదో చెప్పాను. అది శ్రద్ధగా విని, "క్షమించండి, సగం అర్థం కాలేదు. చిన్న మాటల్లో చెప్తారా?" అంది.

కోతలూ, తుంటీ వదిలేశాను. "నువ్వన్న మాటకి నాకు కోపం వచ్చింది. అందుకని రెండోసారి అడగలేదు" అన్నాను.

అది కనుబొమలు ముడిచి ఆలోచించింది. "కానీ నాకు ఆకలని మీకు తెలీదు కదా?"

ఇంక దాక్కోడానికి నాకు మాటల్లేవక్కా. వాళ్ళకి మొదటి వారంలో నేర్పే మాటలతోనే చెప్పాల్సి వచ్చింది. "తెలుసు. నీకు ఆకలి. నేను చూశాను. చూసి గిన్నె తీశాను."

ఈసారి అర్థమైంది. అర్థమవుతుంటే దాని మొహం చూశాను. ఏడవలేదు, అరవలేదు. ఎందుకని అడిగింది. అక్కసు అన్నాను. ఆ మాట దానికి తెలీదు. సంచిలోంచి పిల్లలు కొత్త మాటలు రాసుకునే నోటుపుస్తకం తీసింది, ఎలా రాయాలంది. చెప్పాను. అర్థమేమిటంది. అదీ చెప్పాను. పక్కన వాళ్ళ భాషలో రాసుకుని పుస్తకం మూసేసింది.

తర్వాత నేను అడక్కముందే కంచం చాపి, "చికెన్ పెట్టండి. దుంపలు కూడా" అంది. దుకాణంలో అడిగినట్టే అడిగింది. మారు కూడా అలాగే అడిగి పెట్టించుకుంది. కడుపు నిండా తిని, కంచం కడిగి, పైకెళ్ళి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. రేపు పొద్దున్నే బస్సు.

వాళ్ళమ్మకి ఫోను చేసి నేనే చెప్తానని మాస్టారితో అన్నాను, ఆయన స్పానిషు వచ్చినవాళ్ళని పిలుస్తానన్నాడు. నీకూ చెప్పాను. జవాబు ఎప్పటిలాగే రాయి, వానల గురించి రాయి, పిల్లల గురించి రాయి. పోనీలే, ఏం కాదులే అని మాత్రం రాయకు.

ఇట్లు,
నీ చేతి ముద్ద తిని పెరిగిన చెల్లెలు
ఫిలొమీనా