మన కౌన్సెలింగూ, గుర్రం నమిలిన టోపీ

బూరుల్,

గొర్రెల్ని కొండ దింపడానికి పోతున్నా. మధ్యాహ్నం నేరుగా నరీన్ పట్నంలో, మన మొగుడూపెళ్ళాల్ని కలుపుతానన్న కౌన్సెలింగ్ మేడం దగ్గరికే వచ్చేస్తా. కుక్కకు ఎముకలు వెయ్యి. నా రెండో టోపీ పట్టుకురా. నవ్వకుండా ఒకరి కళ్ళలోకి ఒకరు చూడమంది కదా ఆవిడ, ముందు మన తెల్లగుర్రంతో సాధన చేశాను. అది నీకన్నా నయం, తల తిప్పుకోలేదు. టోపీ మాత్రం నమిలేసింది.

"నా గురించి ఒక్క మంచి మాట చెప్పలేని మనిషితో ఇంక ఆ గదిలో కూర్చోను" అన్నావు నిన్న. "టీ వేడిగా ఉంది" అన్నాను కదా! అది లెక్కలోకి రాదట.

తలుపు గట్టిగా వెయ్యి.

ఎసెన్

అడుగున చోటుంది గనక రాస్తున్నా. చలికాలమంతా బొంత మందంగా ఉన్న వైపు నా మీదికి జరుపుతావు, నేను నిద్రపోయాననుకుని. నేను మెలకువగానే ఉంటా. ఈ మాట అక్కడ నా నోట రాదు. నువ్వు రా. టోపీ లేకపోయినా పర్లేదు.