పొయ్యి మీది ఎతాగ్ మూట

అన్నయ్యా,

చిన్నప్పటినుంచీ నోట నానిన పిలుపు కాబట్టి రాశాను, లేకపోతే ఈ పూట నిన్ను అలా పిలవబుద్ధి కావడం లేదు.

కొండచరియలు పడి బాగ్యో పట్నం నుంచి దారి మూసేశారు, నువ్వు రాలేకపోయావు. దానికి నిన్నేమీ అనను. మన ఆచారం ప్రకారం, పోయిన అమ్మను చావు కుర్చీలో కూర్చోబెట్టాం. అందరూ వచ్చారు. అమ్మ ఎప్పుడూ అనేది గుర్తుందా? "మా అమ్మ ఉప్పేసి ఎండబెట్టిన ఆ పందిమాంసం ముక్కను, ఆ ఎతాగ్‌ను, నా చావువంటలో వెయ్యండర్రా. ఆ వాసన పట్టే అవతల మా అమ్మ నన్ను గుర్తుపడుతుంది." పొయ్యి మీద పొగలో వేలాడే ఆ మూటను నేనే దింపి, అందరి ముందూ విప్పాను.

లోపల దేవదారు చెక్క!

పెద్దాయన బగ్ని, "ఏమ్మా, మీ అమ్మను చెక్క నాకుతూ వెళ్ళమంటావా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి పొరుగింటివాళ్ళ ఎతాగ్ అడిగి తెచ్చి కోడితో వండాం. ఎవరిదో వాసనతో వెళ్ళింది మన అమ్మ.

ఆ చెక్క మీద నీ కత్తి గాట్లు నాకు తెలియవనుకున్నావా? పట్నం స్నేహితుల్ని తెచ్చి విందు చేశావు కదా, వాళ్ళకే పెట్టి ఉంటావు. అమ్మ చావునే దొంగిలించావురా! ఇకమీద ఈ ఇంట ఏ పంది కోసినా నీ ఇంటికి వాటా రాదు. చెక్కను నీ మొహాన కొట్టడానికే దాచాను.

బెనిటా

బెనిటా, నా చిట్టితల్లీ,

గాట్లు నావే. చెక్క కోసింది నేనే.

నీ కాన్పప్పుడు జ్వరమొచ్చి మనుషుల్ని గుర్తుపట్టలేదు నువ్వు. నీ ప్రాణం ఎక్కడో తప్పిపోయిందని, దాన్ని పిలవడానికి ఎతాగ్ వేసి కోడి వండాలన్నారు. ఇంట్లో వేరే ఎతాగ్ లేదు. అమ్మ ఆ మూట దింపింది. "వద్దమ్మా, అది నీ దారికి దాచుకున్నది" అన్నాను. "నోర్ముయ్, కత్తి ఇలా తే" అంది. ఆ పులుసే చెంచాతో నీ నోట్లో పోసింది. మూడు చెంచాలకు నువ్వు "ఇంకా" అన్నావు. అమ్మ భోరున ఏడ్చింది.

తర్వాత నాచేత చెక్క కోయించింది. "దానికి తెలిస్తే జన్మంతా కుమిలిపోతుంది. నేను బతికున్నన్నాళ్ళూ చెప్పావో, చంపుతా" అని ఒట్టేయించుకుంది. "మరి అమ్మమ్మ నిన్నెలా గుర్తుపడుతుంది?" అన్నాను.

"పట్టకపోతే నేనే పేరు చెప్పుకుంటాలే" అంది.

వాటా పంపకపోయినా పరవాలేదు. ఆ చెక్కను మాత్రం పారెయ్యకు తల్లీ, దానికి మూట కట్టింది అమ్మే.

నీ అన్న,
గాబినో