కుటుంబం వరకే రండి

గుంటూరు,
ఫిబ్రవరి 2

ప్రభువునందు ప్రియులైన జక్రయ్య గారికి, రిటైర్డు సోషల్ మాస్టారు మార్క్ వందనాలు చేసి రాయడమేమనగా,

మేమిక్కడ క్షేమం. మొన్న మీ ఊరొచ్చి అమ్మాయి మహిమను చూసి వెళ్లినప్పటి నుంచి మా ప్రకాష్ కోల్డ్ స్టోరేజీలో దింపాల్సిన మిరప బస్తాల్ని ఎక్కించేస్తున్నాడట. వాళ్ల మేనేజరు ఫోన్ చేసి ‘మాస్టారూ, అబ్బాయికి ఒంట్లో బాగోలేదా’ అని అడిగాడు. బాగానే ఉందండీ, పెళ్లి కుదిరేలా ఉంది అని చెప్పాను. మీ అమ్మాయి నాకూ నచ్చింది. చీరాల ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది, ఎదుటి మనిషి కళ్లలోకి చూసి మాట్లాడుతుంది. నాకది చాలు.

ఇక పద్ధతి ప్రకారం మీరొచ్చి మా ఇల్లు చూసుకోవాలి. అది అయ్యాకే ప్రధానం పెట్టుకుందాం. మార్చి మొదటి ఆదివారం, చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నం భోజనానికి దయచేయండి. మాది మూడో అంతస్తులో చిన్న ఫ్లాటు. కాబట్టి కుటుంబం వరకే రండి.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటాడు మావాడు. ఫోన్‌లో అన్న మాటకి పూచీ ఎవరు? పెళ్లి మాటలు కాగితం మీదే ఉండాలని నా పట్టుదల.

ఇట్లు,
మార్క్

తా.క.: మీకోసం ఆరు కొత్త కుర్చీలు కొన్నాను. ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. మీరొచ్చే రోజు పొద్దున తీస్తాను.


పర్చూరు దగ్గర, మా ఊరు,
ఫిబ్రవరి 7

ప్రియమైన మార్క్ మాస్టారు గారికి, జక్రయ్య వందనాలు.

మీ ఉత్తరం మిరపచేలో గట్టు మీద కూర్చుని పైకి చదివాను. మా ఆవిడ ఎలీసమ్మ కోత ముఠాకి మేస్త్రి అని మీకు చెప్పాను కదా. నేను చదువుతుంటే ముఠా మొత్తం కాయ కొయ్యడం ఆపేసి చుట్టూ చేరింది. చేను గల ఆసామి వెంకటరావమ్మ గారు ‘ఏంటే, పని మానేసి పురాణమా’ అని కేకలేస్తూ వచ్చి, సంగతి తెలిశాక అందరికంటే ముందుకొచ్చి కూర్చుంది.

మాస్టారూ, కుటుంబం వరకే రమ్మన్నారు. ఎంత మంచి మాట రాశారండీ! మా ఊళ్లో అందరూ మేమొస్తాం మేమొస్తాం అని గొడవ. ఎవర్ని ఎలా ఆపాలో తెలియక తల పట్టుకున్నాను. మీ ఉత్తరం చూపించి నోళ్లు మూయించాను. పరాయివాళ్లు ఒక్కరు కూడా రారు. కుటుంబం వరకే, ముప్పై ఎనిమిది మందిమి వస్తాం. మా బుడే బావకి ట్రాలీ ఆటో ఉంది. అందులో అందరం పట్టం గనుక ఇంకోటి మాట్లాడాం. ఆ రోజు కోతకి సెలవు.

ఇట్లు,
మీ జక్రయ్య

తా.క.: మా పెద్దమ్మ దీనమ్మ లిఫ్టు ఎక్కదు. మనిషిని పెట్టెలో పెట్టి మూతేసేది పోయాకే అంటుంది. కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీద మోసుకొస్తాం. మీ కొత్త కుర్చీ ఒకటి కిందికి పంపించండి. దాని కవరు మాత్రం తియ్యకండి, ఆవిడ వక్కాకు నములుతుంది.


గుంటూరు,
ఫిబ్రవరి 10

జక్రయ్య గారికి, మార్క్ వందనాలు.

ముప్పై ఎనిమిది అని మీరు అంకెల్లో కాకుండా అక్షరాల్లో రాయడం వల్ల కలం పొరపాటు అనుకునే వీలు కూడా లేకుండా పోయింది.

మీరు బంధుమిత్రుల గురించి రాశారు. నేను పిలిచింది కుటుంబాన్ని. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఈ పాఠం చెప్పాను. కుటుంబం సమాజానికి పునాది. కుటుంబమంటే భర్త, భార్య, వారి పెళ్లికాని పిల్లలు. అంతే. పరీక్షలో ఎవడైనా నాలుగో ముక్క రాస్తే మార్కు కోసేవాణ్ణి. ఆ లెక్కన మీరూ, ఎలీసమ్మ చెల్లెమ్మా, అమ్మాయీ రావాలి. మర్యాద కోసం మరో ఇద్దర్ని తెచ్చుకోండి, కాదనను. ముప్పై ఎనిమిది మంది వస్తే దాన్ని గుంటూరులో మీటింగు అంటారు.

ఇంకొకటి. బుడే బావ అని రాశారు. పేరు చూస్తే ముస్లిముల పేరులా ఉంది. ఆయన మీకు బావ ఎలా అయ్యారో ఎంత ఆలోచించినా నాకు తట్టలేదు. తప్పుగా అనుకోకుండా వివరంగా రాయగలరు.

ఇట్లు,
మార్క్

తా.క.: మా అపార్ట్‌మెంటు సెక్రటరీ దగ్గర మీ సంగతి నోరు జారాను. ఆయన ఆ సాయంత్రమే ‘ఊరేగింపులకు ముందుగా అనుమతి తీసుకోవలెను’ అని నోటీసు బోర్డులో అంటించాడు.


మా ఊరు,
ఫిబ్రవరి 15

మార్క్ మాస్టారు గారికి, జక్రయ్య రాయడమేమనగా,

మీ ఉత్తరం వినగానే ఎలీసమ్మ గంప కింద పెట్టేసింది. ‘పెళ్లికాని పిల్లలు అని రాశాడా? మళ్లీ చదువు’ అంది. చదివాను. ‘అంటే పెళ్లవగానే మన మహిమ మన కుటుంబం కాదన్నమాట! పిల్లని పరాయిదాన్ని చేసుకోడానికి ఇంత ఆరాటం దేనికయ్యా?’ అని మిరపచేలోనే కూలబడింది. పక్కనే ఖాదర్‌బీ ఉంది. బుడే బావ భార్య. ఆమె ఇంకో మాటంది. ‘వాళ్ల అబ్బాయి కూడా పెళ్లయ్యాక వాళ్ల నాన్నకి ఏమీ కాడు కదా. మరి పిల్లని ఎవరింటికి పంపుతున్నట్టు?’ మాస్టారూ, జవాబు మీ దగ్గర ఉంటే రాయండి.

బుడే బావ సంగతి అడిగారు. చెప్తాను వినండి. పొద్దున్నుంచి మిరపకాయ కోసిన చేతులు రాత్రికి నిప్పు పెట్టినట్టు మండుతాయి. సబ్బుకి పోదు, మజ్జిగకి పోదు. కోతకి పోయిన తల్లి ఆ చేతుల్తో సొంత బిడ్డ మొహం ముట్టుకోలేదు. అందుకని మా ముఠాలో రోజూ ఒకరు కాయ ముట్టుకోకుండా చెట్టు కింద కూర్చుని బిడ్డలందర్నీ చూస్తారు. ఆ రోజుకి ఆమే అందరికీ అమ్మ. వాళ్ల బిడ్డా వీళ్ల బిడ్డా అని లేదు. ఏడిస్తే ఎత్తుకుంటుంది, ఆకలేస్తే అన్నం కలిపి పెడుతుంది. మా మహిమని అలా పెంచింది ఎక్కువగా ఖాదర్‌బీ. ఎలీసమ్మ రెండు గజాల దూరంలో నిలబడి బిడ్డని చూసి ఏడిస్తే, ‘పిచ్చి మొహమా, నేను లేనా’ అని తిట్టింది. ఆమె నాకు అక్క కాకపోతే ఎవరండీ? ఆమె మొగుడు బావ కాకపోతే ఏమవుతాడండీ? మీ పాఠంలో ఇది లేకపోతే పాఠం రాసినాయన్ని ఒక్క సీజను మా చేలోకి పంపించండి.

ఇక ముఠా అంతా కూర్చుని తేల్చిన మాట. అబ్బాయి మంచివాడే. కానీ మా పిల్లకి జ్వరమొస్తే జావ కాచేది ఎవరు? మొగుడు మూతి ముడుచుకుని తిరిగితే ‘ఏరా, ఏంట్రా నీ వాలకం’ అని నిలదీసేది ఎవరు? మీ వైపు మనుషులెవరో మాకు తెలియాలి. వాళ్లని చూశాకే ప్రధానం. లేదంటే ఈ సంబంధం ఇక్కడితో సరి.

ఇట్లు,
జక్రయ్య

తా.క.: ఈ ఉత్తరం పంపొద్దని మహిమ మా ఊరి పోస్టు డబ్బాకి అడ్డంగా నిలబడింది. అందుకని పర్చూరులో వేద్దామని బుడే బావ ట్రాలీలో వచ్చాం, ఈ ముక్క ఇక్కడి పోస్టాఫీసు దగ్గరే రాస్తున్నాను. దిగి చూస్తే ఆమె కూడా వెనకాల బస్తాల మీద కూర్చుని వచ్చింది.


గుంటూరు,
ఫిబ్రవరి 20

జక్రయ్య గారికి, మార్క్ వందనాలు.

ఖాదర్‌బీ గారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్లలో ఏ పిల్లాడూ నన్ను అలా అడగలేదు. అడిగి ఉంటే బెంచీ ఎక్కించేవాణ్ణి.

మా మనుషులెవరో రాయమన్నారు. రాద్దామనే కూర్చున్నాను. నేనూ, మా ఇంటావిడ రూతూ ఇద్దరం మిషన్ హాస్టల్లో పెరిగినవాళ్లం. నాకు అక్క లేదు, ఆమెకి అన్న లేడు. మా పెళ్లికి మగపెళ్లివారంటే హాస్టలు వార్డెను గారు, ఆడపెళ్లివారంటే వంట చేసే ముసలాయన. ఆయన పెళ్లి మధ్యలో పప్పు మాడుతోందని వెళ్లిపోయాడు. తర్వాత ప్రకాష్ పుట్టాడు. ముగ్గురం. పుస్తకంలో కుటుంబం బొమ్మ అచ్చం మా ఇంట్లాగే ఉండేది. ఆ పాఠం చెప్పేటప్పుడు నాకు ఎంత హాయిగా ఉండేదో మీకు చెప్పలేను. రూతు పోయాక ఇద్దరం మిగిలాం. మావాడికి జ్వరమొస్తే జావ నేనే కాస్తాను. ఉండలు కడుతుంది. వాడు ఏమీ అనకుండా తాగుతాడు.

మీ ముఠా సంగతి చదివితే నాకు అసూయ పుట్టింది జక్రయ్య గారూ. దాచడం ఎందుకు? అన్ని చేతుల్లో పెరిగిన పిల్లని ఇద్దరు మగవాళ్లుండే ఫ్లాటుకి పంపమని అడగడం నాకే తప్పుగా అనిపిస్తోంది. మీరు పెట్టిన షరతు న్యాయమైంది. నేను తీర్చలేను. నాకు చూపించడానికి మనుషులు లేరు. మహిమ ఎక్కడికి వెళ్లినా ఆ ఇల్లు అదృష్టం చేసుకున్నట్టే. ప్రకాష్‌కి ఈ మాట ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఇట్లు,
మార్క్

తా.క.: మీమీద కోపంగా ఉన్న రోజుల్లోనే అన్ని ఫ్లాట్ల తలుపులూ కొట్టి ముప్పై రెండు కుర్చీలు అడిగి తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. హాల్లో నడవడానికి దారి లేదు, వంటింట్లోకి పక్కకి తిరిగి వెళ్తున్నాం. రేపు ఎవరివి వాళ్లకి ఇచ్చేస్తాను.


మా ఊరు,
ఫిబ్రవరి 24

మా మార్క్ మాస్టారు గారికి, జక్రయ్య వందనాలు.

కుర్చీలు ఇచ్చెయ్యకండి. ఇచ్చేసి ఉంటే మళ్లీ తెచ్చుకోండి.

మీ ఉత్తరం చదివాక చేలో కళ్లు తుడుచుకుందామా అంటే అందరివీ మిరప చేతులు. ముక్కులు ఎగబీలుస్తూ అలాగే కూర్చున్నాం. చివరికి వెంకటరావమ్మ గారు చెంగుతో వరసగా అందరి మొహాలూ తుడిచింది.

ముందు లేచింది ఎలీసమ్మ. ‘తల్లి లేని పిల్లోడు. నలుగు పెట్టేదెవరు వాడికి? నేను అబ్బాయి వైపు’ అంది. నేను నవ్వాను. చూస్తే నవ్వింది నేనొక్కణ్ణే. ఖాదర్‌బీ లేచి ‘అయితే పెళ్లికొడుక్కి మేనత్తని నేను. నా మర్యాదలు నాకు జరగాలి’ అంది. బుడే బావ ఆమె వెంట వెళ్లిపోయాడు. దీనమ్మ అబ్బాయికి నాయనమ్మ అయిపోయింది. వెంకటరావమ్మ గారికి ముగ్గురూ ఆడపిల్లలే. ‘జన్మంతా వియ్యాలవారికి వంగి వంగి వడ్డించాను జక్రయ్యా, ఒక్కసారి మగపెళ్లివారిగా కాలు మీద కాలేసుకుని కూర్చోనివ్వు’ అని ఆవిడా దాటేసింది.

సాయంత్రానికి మగపెళ్లివారు ముప్పై ఆరు మంది తేలారు. మహిమనైనా నాతో ఉండమంటే ‘నేనెలాగూ ఆ ఇంటికే కదా నాన్నా’ అని వాళ్లలో కలిసిపోయింది. ఆడపెళ్లివారంటే ఇప్పుడు నేనొక్కణ్ణే. అప్పుడే అజమాయిషీ మొదలైంది. నిన్న టీ చల్లగా ఉందని ఖాదర్‌బీ అలిగి లేచిపోతే బతిమాలి తీసుకొచ్చాను. విడిదిలో ఫ్యాన్లు తిరగాలట, రెండు పూటలా కోడికూర ఉండాలట. నా సొంత పెళ్లాం నన్ను ‘ఏవండీ అమ్మాయి తండ్రిగారూ’ అని పిలుస్తోంది.

మీకు చూపించడానికి మనుషులు లేరన్నారు. ఇప్పుడు మీ వైపు కాలు పెట్టే చోటు లేదు. మీరు లేకపోయినా వాళ్లకి లోటు తెలియదు. అందుకని మిమ్మల్ని చేతులు పట్టుకుని ఒక్కటే అడుగుతున్నాను. మీరు నా వైపు వచ్చెయ్యండి మాస్టారూ. మహిమకి ఇంకో నాన్నలా నా పక్కన నిలబడండి. పిల్లని అప్పగించేటప్పుడు ఏడవడానికి ఒక్కణ్ణీ చాలను.

ఇట్లు,
మీ తోటి ఆడపెళ్లివాడు,
జక్రయ్య

తా.క. (ఎలీసమ్మ చెప్పగా రాసింది): అన్నయ్య గారూ, మా అబ్బాయి ఇల్లు మేం చూసుకోడానికి వచ్చేదేంటి? ఇంటికి వస్తున్నాం, అంతే. గేటు దగ్గర ఆ సెక్రటరీ ఎవరని అడిగితే ఇంట్లోవాళ్లమని చెప్తాం. మాతో పెళ్లికూతురి తండ్రి కూడా వస్తాడు. ఆయన్ని మాత్రం కాస్త మర్యాదగా చూడండి, కొత్త చుట్టం కదా.