ఆదివారం వచ్చినామె

జ్యోతినగర్, బుధవారం

ప్రియమైన స్వరూపా,

పదకేళి గ్రూపులో నీతో జట్టు కట్టి ఏడాది దాటింది. నేను అడ్డం గళ్ళతో కుస్తీ పడుతుంటే నువ్వు నిలువు గళ్ళన్నీ నింపేసి నవ్వు బొమ్మ పెడతావు. ఆపైన ఈ ఉత్తరాలు. ఫోనులో హడావిడి ఎక్కువ, మనసులో మాట కాగితం మీదే రాసుకుందామన్నది నువ్వే. అయినా నీ ముఖం, నీ గొంతు ఎలా ఉంటాయో నాకింకా తెలియదు. కమాన్‌పూర్‌కీ మా క్వార్టర్స్‌కీ మధ్య ఎంత దూరమని?

భీమవరం నుంచి వచ్చాక ఇక్కడ నాకంటూ ఉన్నది నువ్వొక్కదానివే. మావారు శ్యామ్ ప్లాంటుకు వెళ్ళిపోతే రోజంతా గోడలతోనే కాపురం. ఆయనేమో, "అసలు ఆ స్వరూప ఆడమనిషేనా? ఏ మీసాలాయనో అయ్యుంటాడు" అని ఆటపట్టిస్తారు. నవ్వేస్తాను గానీ లోపల గుచ్చుకుంటుంది. ఆదివారం సాయంత్రం గోదావరిఖని చౌరస్తాలో బేకరీ దగ్గర కలుద్దాం. రాకపోతే ఊరుకోను.

నీకోసం కళ్ళు కాయలు కాచిన
ప్రసూన

*

కమాన్‌పూర్, సోమవారం

ప్రియమైన ప్రసూనా,

నిన్న రాలేకపోయాను. బయల్దేరుదామని జడ వేసుకుంటుంటే అవ్వకు ఆయాసం ఎక్కువైంది. ఆటోలో దవాఖానకు తీసుకొచ్చాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆమె మంచం పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. మా బాపు డ్యూటీ దిగి వచ్చి వరండాలో నిలబడతాడే తప్ప లోపలికి రాడు, ఆమెను అలా చూడలేడు.

నాకు భయంగా ఉంది. ఈ మాట ఇంకెవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. రెండు మంచి మాటలు రాయి.

నీ
స్వరూప

*

జ్యోతినగర్, గురువారం

ప్రియమైన స్వరూపా,

చీకటి పడేదాకా నిలబడ్డాను. బేకరీవాళ్ళు నన్ను జాలిగా చూశారు.

అవ్వకు బాగాలేదని రాశావు. పాపం. కానీ ఇంత బెంబేలెత్తిపోతే ఎలా? పెద్ద ప్రాణం, ఎప్పటికైనా తప్పేది కాదు. మా ఇంట్లోనూ ఇలాగే జరిగింది. పోయినప్పుడు ఎవరం పెద్దగా ఏడవలేదు. మంచాన పడి తీసుకోకుండా వెళ్ళిపోయిందని తేలికపడ్డాం. నువ్వూ మనసును అలా సిద్ధం చేసుకో. ఇంట్లో ఎవరికైనా ఒక గంట అప్పజెప్పి ఈ ఆదివారం రా.

నిజం చెప్పు. నన్ను చూడటం నీకిష్టం లేక అవ్వను అడ్డం పెట్టుకుంటున్నావా?

ప్రసూన

*

కమాన్‌పూర్

ప్రసూన గారికి,

అవ్వ పోయింది. మీరు చెప్పినట్టు మనసును సిద్ధం చేసుకోవడం నాకు చేతకాలేదు.

మీ ఉత్తరం ఆమె పక్కనే కూర్చుని చదివాను. "ఎవలు బిడ్డా రాసింది?" అని అడిగింది. "నా దోస్తు. నీ పాణం ఎట్లున్నదని అడిగిందవ్వా" అని అబద్ధం చెప్పాను. నా చేత ఆమెకు చివరి అబద్ధం చెప్పించింది మీరే.

గ్రూపులోంచి తప్పుకున్నాను. వచ్చే ఆదివారం దినాలు. ఇక ఉత్తరాలు రాయకండి.

స్వరూప

*

జ్యోతినగర్, శుక్రవారం

స్వరూపా,

ప్రియమైన అని రాసే చనువు పోగొట్టుకున్నాను. నీ ఉత్తరం చూసి మొదట నాకు ఒళ్ళు మండింది. ముసలావిడ పోతే నన్నింత మాటంటావా అనుకున్నాను. ఇవాళ పొద్దున మా పనామె పూలమ్మ సెలవడిగింది.

"మా అవ్వకు పాణం మంచిగ లేదమ్మా. రేపు, ఎల్లుండి రాను."

"మీ మామ్మ ఇంకా ఉందా?" అన్నాను.

"మామ్మ ఎవలు? నన్ను కన్నతల్లమ్మా. మీ దిక్కు అమ్మ అంటరు, మేము అవ్వ అంటం."

చేతిలో గిన్నె కింద పెట్టి నీ ఉత్తరాల కోసం వెతికాను. మా వైపు అవ్వ అంటే ముసలమ్మ, స్వరూపా. తొంభై ఏళ్ళు బతికి పోయిన మా మామ్మ గురించి నీకు రాశాను. కన్నతల్లి మంచం పక్కన కూర్చున్న నీకు, ఏడవొద్దని రాశాను. ఏ మాటకైనా అర్థం తెలుసని విర్రవీగేదాన్ని, ఈ రెండక్షరాలు తెలియలేదు.

క్షమించమని అడిగే ముఖం లేదు. ఆదివారం దినాలకు వస్తాను. పిలవకుండా రావడం తప్పేమో. వచ్చి ఏం చెప్పాలో కూడా తెలియదు. పొమ్మంటే పోతాను.

ప్రసూన

*

కమాన్‌పూర్, సోమవారం

ప్రసూనా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి చదివాను. చదివి, మళ్ళీ చదివాను.

నిన్న ఇంటి వెనక వంటల దగ్గర ఒకామె ఉల్లిగడ్డలు తరుగుతూ కూర్చుంది. ఎవరని మేనత్తను అడిగితే, "మీ బాపుతోని డ్యూటీ చేసేటాయన పెండ్లామేమో" అంది. పలకరిస్తే తల ఊపింది తప్ప నోరు విప్పలేదు. మూగదేమో అనుకున్నాను.

అందరూ తిన్నాక అవ్వ చీరలు మడతపెడుతుంటే నాకు దుఃఖం ఆగలేదు. పక్కనున్నది ఎవరో చూసుకోకుండా ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. ఎవరితోనూ అననివన్నీ ఆమెతో అన్నాను. జ్యోతినగర్‌లో ఒక దోస్తు ఉండేదని, దాని మాటలు నన్ను కోసేశాయని, దాని ముఖం జన్మలో చూడనని కూడా ఆమెతోనే చెప్పాను. ఆమె నా వీపు నిమరడం ఆపలేదు. కాసేపటికి ఆమె కన్నీళ్ళు నా మెడ మీద పడ్డాయి. తర్వాత ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్ళిపోయింది.

నోరు తెరిస్తే మీ కోస్తా యాస పట్టిస్తుందని కదా, అట్లా కూర్చున్నావు?

నిన్ను తిట్టడానికే కాగితం తీసుకున్నాను. కోపం ఇంకా ఉంది, లేదని ఎందుకు అబద్ధం చెప్పాలి. కానీ అవ్వ పోయిన దగ్గర్నుంచి నేను కడుపు నిండా ఏడ్చింది నీ ఒళ్ళోనే.

ఇందాక బాపు అడిగాడు. "నిన్న పొద్దందాక ఉల్లిగడ్డలు కోసిన బిడ్డ, అన్నం తిని పోయిందా?" అని.

తిన్నావా? నాకు తెలియదు. నువ్వే వచ్చి ఆయనకు చెప్పు, నీ నోటితో.

స్వరూప